చెల్లికి లెగాస్పిలో మెడిసిన్ సీటు, ఊరి పక్కనే అగ్నిపర్వతం. ఆ ఊరు ఎలా ఉంటుంది?

నీలికలువ
మా చెల్లికి ఫిలిప్పీన్స్‌లో లెగాస్పి అనే ఊళ్లో మెడిసిన్ సీటు వచ్చింది. కన్సల్టెన్సీ వాళ్లు "మనీలాకి దగ్గరే" అన్నారు. ఇంటికొచ్చి మ్యాప్ తీసి చూస్తే రోడ్డు మీద 500 కిలోమీటర్లు ఉంది. అది పోనీ అనుకున్నాం. ఊరి ఫోటోలు వెతికితే ప్రతి ఫోటోలోనూ వెనకాల పొగ వదులుతున్న కొండ. మయోన్ అట పేరు. నాన్న ఆ ఫోటో చూసినప్పటి నుంచి అన్నం సరిగ్గా తినట్లేదు. మాది నల్గొండ దగ్గర పల్లె. మా ఇంట్లో ఇంతవరకు ఎవరూ దేశం దాటలేదు. కాలేజీ గురించి కాదు, ఊరి గురించి చెప్పండి. మనుషులు ఎలాంటివాళ్లు? తిండి ఏంటి? ఆ కొండతో నిజంగా ఎంత ప్రమాదం?

బెజవాడ_బాబాయ్
ఆడపిల్లని తీసుకెళ్లి నిప్పుల కొండ పక్కన పెట్టడం దేనికమ్మా? ఆ దేశంలో వేరే ఊళ్లు లేవా? నా మాట విని మానేయండి.

లెగాస్పి_మెడికో
నేను 2022 చివర్లో వచ్చాను, ఇప్పటికీ ఇక్కడే ఉన్నాను. బాబాయ్ గారూ, మీ భయం నాకు తెలుసు. మా నాన్న కూడా ఇదే మాట అన్నారు. కానీ ఊరు చూడకుండా తేల్చేయకండి.

నీలికలువ అక్కా, లెగాస్పి అంటే మన లెక్కలో జిల్లా కేంద్రం. అల్బే అనే ప్రావిన్స్‌కి రాజధాని. బికోల్ ప్రాంతం మొత్తానికి ప్రభుత్వ ఆఫీసులు ఎక్కువగా ఇక్కడే ఉంటాయి. 2020 జనాభా లెక్కల్లో సుమారు 2 లక్షల 10 వేల మంది. విజయనగరం అంత ఊరు అనుకోండి. ఒక పక్క సముద్రం, అల్బే గల్ఫ్ అంటారు. ఇంకో పక్క మయోన్. మధ్యలో ఊరు. ఊరు కూడా రెండు ముక్కలు. ప్రావిన్స్ ప్రభుత్వ భవనం, పెద్ద చర్చి, పెన్యరాండా పార్కు ఉన్నది ఓల్డ్ అల్బే. మార్కెట్, రేవు ఉన్నది పోర్ట్ వైపు. రెండిటి మధ్య జీప్నీలు, అంటే మన షేర్ ఆటోల్లాంటి పొడవాటి జీపులు, తిరుగుతూ ఉంటాయి.

2023 జూన్‌లో కొండ మళ్లీ రాజుకుంది. అలర్ట్ లెవెల్ 3 పెట్టారు, అంటే 5 దాకా ఉండే హెచ్చరికల్లో మూడోది. రాత్రిపూట మేడ మీదికి ఎక్కితే కొండ పై నుంచి ఎర్రటి గీత కిందికి దిగుతూ కనిపించేది. మొదటి రాత్రి భయంతో నిద్ర పట్టలేదు. వారం తర్వాత దాన్ని చూస్తూనే చదువుకున్నాం. ఊళ్లో మా రోజులు మామూలుగానే గడిచాయి. కానీ కొండ కింద ఉన్న దాదాపు 20 వేల మందిని ఖాళీ చేయించారు. బడుల్లో నెలల తరబడి ఉన్నారు పాపం. మేము వెళ్లి బియ్యం, పిల్లలకి బిస్కెట్లు ఇచ్చి వచ్చాం. ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుని "దియోస్ మబాలోస్" అంది. అంటే ధన్యవాదాలు. నేను నేర్చుకున్న మొదటి బికోల్ మాట అదే.

బెజవాడ_బాబాయ్
20 వేల మందిని ఖాళీ చేయించారని నువ్వే చెప్తున్నావు, మళ్లీ మామూలుగా ఉందంటావు. ఎలా నమ్మమంటావు తమ్ముడూ?

రాతిపొరలు
భూగర్భ శాస్త్రం నా ఉద్యోగం కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మయోన్ ఎత్తు సుమారు 2,460 మీటర్లు. ప్రపంచంలో ఇంత చక్కటి శంకువు ఆకారం ఉన్న అగ్నిపర్వతం మరొకటి దొరకడం కష్టం. ఆ అందానికి కారణం అది తరచుగా పేలడమే. ప్రతిసారీ కొత్త రాయి, కొత్త బూడిద నాలుగు పక్కలా సమంగా జారి పేరుకుంటుంది. వానలు కోసిన గాట్లు మళ్లీ పూడిపోతాయి.

కొండ నోటి నుంచి చుట్టూ 6 కిలోమీటర్ల లోపు ఎవరూ నివసించకూడదని శాశ్వత ప్రమాద మండలం గీశారు. ఊరి మధ్య భాగం కొండ నోటికి ఓ 15 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. లావా నెమ్మదిగా పారుతుంది, దాని నుంచి మనిషి నడిచి తప్పించుకోవచ్చు. చంపేది ఎర్రగా కాలిన బూడిద, గాలి, రాళ్లు కలిసి వాలు వెంట దూసుకొచ్చే మేఘం. 1993 ఫిబ్రవరి 2న అదే జరిగింది. కొండ ఆగ్నేయం వైపు బోంగా వాగులో పొలం పని చేసుకుంటున్న రైతులు 70 మందికి పైగా పోయారు. 2013 మే 7న ముందు సూచన లేకుండా ఆవిరి పేలుడు వస్తే కొండ ఎక్కుతున్న ఐదుగురు చనిపోయారు. వీళ్లంతా కొండ మీద, వాలులో ఉన్నవాళ్లు. 2018 జనవరిలో అలర్ట్ 4 దాకా వెళ్లింది, 80 వేల మందికి పైగా శిబిరాలకు వెళ్లారు.

బాబాయ్ గారికి జవాబు ఇదే. ఖాళీ చేయించడం ప్రమాదానికి గుర్తు మాత్రమే కాదు, అక్కడి వాళ్లు పని చేస్తున్నారనడానికి కూడా గుర్తు. లిన్యోన్ కొండ మీద కూర్చుని 24 గంటలూ మయోన్‌ని చూసే సైంటిస్టులు ఉన్నారు.

దివిసీమ_బిడ్డ
నిప్పు గురించే మాట్లాడుతున్నారు. నీళ్ల గురించి ఎవరూ చెప్పరేం? ఆ ప్రాంతం తుపానుల దారి. మా నాయనమ్మ 1977 నవంబరు 19 ఉప్పెనలో ఇద్దరు పిల్లల్ని పోగొట్టుకుంది. తాడిచెట్టు పట్టుకుని ఒక రాత్రి బతికింది. నాకు తుపాను అంటే టీవీలో గిరగిరా తిరిగే బొమ్మ కాదు.

రాతిపొరలు
దివిసీమ గారు అసలు విషయం పట్టుకున్నారు. నేను రెండో పోస్టుగా రాద్దామనుకున్నది అదే.

ఈ మధ్య కాలంలో మయోన్ దగ్గర ఎక్కువ మందిని చంపింది నిప్పు కాదు, వాన. కొండ పేలినప్పుడు వాలు మీద బూడిద, ఇసుక, బండలు వదులుగా పేరుకుని ఉంటాయి. తుపాను వచ్చి కుండపోత కురిస్తే అదంతా తడిసిన కాంక్రీటులా వాగుల వెంట కిందికి వస్తుంది. దాన్ని లహార్ అంటారు. 2006లో కొండ జులై నుంచి కొన్ని నెలలు మండింది. జనాన్ని ముందే తరలించారు, మళ్లీ ఇళ్లకు చేర్చారు. అంతా అయిపోయిందనుకున్నారు. నవంబరు 30న రెమింగ్ తుపాను వచ్చింది. లెగాస్పి పరిధిలోని పడాంగ్, పక్కనున్న దరాగా, గినోబాతాన్ పల్లెలు బురద కింద కప్పబడిపోయాయి. వెయ్యి మందికి పైగా చనిపోయారు లేదా దొరకలేదు. ఆ ఏడాది ప్రాణాలు తీసింది నిప్పు కాదు, బురద.

కాబట్టి "కొండకి ఎంత దూరం" అని ఒక్కటే అడగకండి. "ఇల్లు ఏ వాగు పక్కన ఉంది" అని అడగండి. యావా నది కొండ నుంచి దిగి ఊరి పక్కగా సముద్రంలో కలుస్తుంది. దాని ఒడ్డున చవగ్గా గది దొరికినా వద్దు.

నీలికలువ
ఈ మాట మాకు ఎవరూ చెప్పలేదండి. హాస్టల్ ఎక్కడుందో కనుక్కుంటాను.

తల్లిమనసు_ఖమ్మం
మా అబ్బాయి అక్కడే చదువుతున్నాడు. నా అనుభవం ఒకటి చెప్తాను, మీ అమ్మగారికి పనికొస్తుంది. 2024 అక్టోబరులో ఇక్కడ వార్తల్లో ట్రామీ తుపాను అన్నారు. వాడికి ఫోన్ చేస్తే "క్రిస్టీన్ వచ్చిందమ్మా, వీధిలో నీళ్లు" అన్నాడు. నేను రెండు తుపానులు ఒకేసారి వచ్చాయనుకుని రాత్రంతా దేవుడి ముందు కూర్చున్నాను. తర్వాత తెలిసింది, ఆ రెండూ ఒకటే. అంతర్జాతీయంగా ఒక పేరు ఉంటుంది, ఫిలిప్పీన్స్ వాళ్లు తమకి సొంతంగా ఇంకో పేరు పెట్టుకుంటారు. పైన చెప్పిన రెమింగ్‌ని బయట డురియన్ అన్నారు. 2020 నవంబరు 1న వచ్చిన దాన్ని అక్కడ రోలీ అంటారు, బయట గోనీ. రెండు పేర్లూ రాసి పెట్టుకోండి, సగం టెన్షన్ తగ్గుతుంది.

ఇంకో మాట. తుపాను తర్వాత కరెంటు, ఫోన్ సిగ్నల్ రోజుల తరబడి ఉండకపోవచ్చు. "రెండు రోజులు ఫోన్ రాకపోతే భయపడొద్దు" అని ముందే మాట అనుకోండి. మేము అలా అనుకోకుండా చాలా ఏడ్చాం.

దివిసీమ_బిడ్డ
ఖమ్మం అక్క చెప్పింది బంగారం లాంటి మాట. హుద్‌హుద్ అప్పుడు వైజాగ్‌లో మా అన్నయ్య నాలుగు రోజులు దొరకలేదు. ఫోన్ లేదు, అంతే. మనిషి క్షేమంగానే ఉన్నాడు.

లెగాస్పి_మెడికో
తుపాను హెచ్చరిక ఇక్కడ 1 నుంచి 5 సిగ్నల్స్‌లో ఇస్తారు. అది పెరిగే కొద్దీ "వలాంగ్ పసోక్" అని మెసేజ్ వస్తుంది, అంటే క్లాసులు లేవు. మా ఓనరమ్మ మాత్రం సిగ్నల్ 1కే బకెట్లన్నీ నింపి, కొవ్వొత్తులు, సార్డీన్ డబ్బాలు మా గది ముందు పెట్టి వెళ్తుంది. అన్నం తిన్నారా అని రోజూ అడుగుతుంది. మాట తీరులో అమ్మమ్మే.

ఇక్కడి భాష బికోల్. అందులో గౌరవానికి చివర "తబి" అని చేరుస్తారు, మన "అండి" లాగా. జీప్నీ ఆపాలంటే "పారా తబి" అనాలి. మనీలాలో "పారా పో" అంటారు. మన పిల్లలు "తబి" అనగానే డ్రైవర్ వెనక్కి తిరిగి నవ్వుతాడు. మాట కలుస్తుంది. ఇంగ్లిష్ అందరికీ ఎంతో కొంత వచ్చు కాబట్టి మొదటి రోజు నుంచే ఇబ్బంది ఉండదు.

పాలకూరపప్పు
తిండి గురించి చెప్పండి. మేము గుడ్డు కూడా తినం. మా తమ్ముడు కూడా అక్కడికే వెళ్లాలనుకుంటున్నాడు.

లెగాస్పి_మెడికో
బయట తినే చోట కష్టమే, దాచను. కూరగాయల కూరలో కూడా ఎండు చేపో, పంది మాంసం ముక్కో, రొయ్యల ముద్దో పడుతుంది. సొంతంగా వండుకోవాలి. కానీ సరుకులు చూస్తే మనసు కుదుటపడుతుంది. మునగాకు కట్టలు కట్టలు దొరుకుతుంది, మలుంగై అంటారు. పెసలు దొరుకుతాయి. శుక్రవారం చాలా ఇళ్లల్లో పెసల పులుసులో మునగాకు వేసి వండుతారు. మాంసం వేయకుండా చేస్తే అచ్చం మన పప్పే.

చేమాకుని కొబ్బరి పాలు, మిరపకాయలతో గంటలు గంటలు ఉడికిస్తారు, అది లయింగ్. అందులో ఎండు చేప లేకుండా ఓనరమ్మ నాకు విడిగా వండి పెట్టింది. రెండు ముద్దలు ఎక్కువే తిన్నాను.

కోనసీమ_కొబ్బరి
చేమాకు, కొబ్బరి పాలు, మిరపకాయ. ఇంకేం కావాలయ్యా! పనసపొట్టు ఒకటి ఉంటే అమలాపురమే.

లెగాస్పి_మెడికో
పచ్చి పనస కూడా కొబ్బరి పాలల్లో వండుతారు అన్నా, నిజంగా! ఫిలిప్పీన్స్‌లో మిగతా చోట్ల కారం తక్కువ, తీపి పులుపు ఎక్కువ. బికోల్ వాళ్లు మాత్రం కారం మనుషులు. సిలింగ్ లబుయో అని వేలెడు కూడా లేని చిన్న మిరపకాయ, గుంటూరు వాళ్లు కూడా దాన్ని చూసుకుని కొరకాలి. మిరపకాయ ఐస్‌క్రీమ్ కూడా అమ్ముతారు. చల్లగా మొదలై గొంతులో మండుతుంది.

మనీలా_మూర్తి
నేను ఆరేళ్లుగా మనీలాలో ఉద్యోగం చేస్తున్నాను. లెగాస్పి నాలుగుసార్లు వెళ్లాను. రావడం పోవడం గురించి చెప్తా. విమానంలో గంట. పాత ఎయిర్‌పోర్టు ఊరి మధ్యలోనే ఉండేది. 2021 అక్టోబరులో దరాగాలో కొత్తది తెరిచారు, బికోల్ ఇంటర్నేషనల్ ఎయిర్‌పోర్ట్. దిగుతూనే ఎదురుగా మయోన్. బస్సు అయితే రాత్రి ఎక్కితే పొద్దున దిగుతాం, 10 నుంచి 12 గంటలు. ఏసీ చాలా ఎక్కువ పెడతారు, దుప్పటి ఉంచుకోవాలి. రైలు పట్టాలు 2006 తుపానులకి బాగా దెబ్బతిన్నాయి. 2023 డిసెంబరులో నాగా అనే ఊరి నుంచి లెగాస్పి దాకా మళ్లీ రైలు నడిపారు. మనీలా దాకా కాదు, గమనించండి.

బాబాయ్ గారు వేరే ఊరు చూడమన్నారు. మనీలా పక్కనే పెద్ద భూకంప పగులు ఉంది. ఈ దేశంలో ఏ ఊరికైనా ఏదో ఒకటి ఉంటుంది. మనీలాలో నేను రోజుకి మూడు గంటలు ట్రాఫిక్‌లో గడుపుతాను. లెగాస్పిలో సాయంత్రం సముద్రం ఒడ్డున బులెవార్డ్ మీద నడిచాను, మనిషి ప్రాణానికి అదెంత హాయో.

శాసనాలరాజు
ఊరి చరిత్ర ఎవరూ రాయలేదు కాబట్టి కొంచెం. పేరు స్పెయిన్ తరఫున వచ్చి ఫిలిప్పీన్స్‌ని ఆక్రమించిన మిగెల్ లోపెజ్ దె లెగాస్పిది. 1900 జనవరి 23న అమెరికా సైన్యం ఇక్కడ దిగినప్పుడు ఊరి జనం ఎదురు నిలిచి పోరాడారు. 1941 డిసెంబరు 12న జపాన్ సైన్యం దిగిన తొలి రేవుల్లో ఇదీ ఒకటి. పోస్టాఫీసు దగ్గర తల లేని మనిషి విగ్రహం ఒకటి ఉంటుంది, ఆ యుద్ధంలో పేరు తెలియకుండా పోయిన బికోల్ వీరుల కోసం. ఆ విగ్రహం ముందు నిలబడితే మాట రాదు.

ఒకప్పుడు ఊరికి డబ్బు తెచ్చింది అబకా నార. చూడ్డానికి అరటిచెట్టులాగే ఉంటుంది, దాని బోదె నుంచి నార తీస్తారు. ఓడల తాళ్లకి దాన్నే బాగా వాడేవారు. ప్రపంచం దాన్ని మనీలా నార అని పిలిచింది కానీ, బాగా పండించినవాళ్లలో ఈ బికోల్ రైతులు ఉన్నారు.

ఇక కగ్సావా అని మయోన్ కింద ఉండే ఊరి కథ. 1814 ఫిబ్రవరి 1న కొండ పేలి 1,200 మంది వరకు చనిపోయారు. కగ్సావా ఊరు మొత్తం పూడిపోయి, చర్చి గంట గోపురం ఒక్కటే మిగిలింది. జనం చర్చిలో తలదాచుకుంటే చర్చి మునిగిపోయిందని చెప్తారు.

రాతిపొరలు
రాజు గారూ, ఒక చిన్న సవరణ. గోపురం ఒక్కటే మిగిలింది అన్నది పూర్తిగా సరి కాదు. ఇరవయ్యో శతాబ్దం మొదటి ఫోటోల్లో చర్చి ముందు గోడ కూడా నిలబడే ఉంది. అది తర్వాత కూలింది. ఊరు పోయిన మాట మాత్రం నిజం.

శాసనాలరాజు
ఆ ఫోటోలు నేను చూడలేదు, ఒప్పుకుంటున్నాను. బతికినవాళ్లు దరాగా కొండ మీదికి చేరారు. అక్కడ 1773లో కట్టిన చర్చి ఇప్పటికీ ఉంది, అగ్నిపర్వతం రాయితోనే కట్టారు. మెట్లెక్కి వెనక్కి తిరిగితే మయోన్ మొత్తం కనబడుతుంది.

బెజవాడ_బాబాయ్
సరే, కొండ సంగతి రాతిపొరలు గారు చెప్పాక నాకు కొంచెం అర్థమైంది. కానీ ఒక ప్రశ్న ఎవరూ అడగట్లేదు. 2021 నవంబరులో మన దేశంలో వైద్య విద్యని చూసే ఎన్‌ఎంసీ నిబంధన వచ్చింది, విదేశంలో చదివి ఇక్కడ డాక్టర్ కావాలంటే ఒకే కాలేజీలో 54 నెలల కోర్సు, తర్వాత అక్కడే 12 నెలల ఇంటర్న్‌షిప్. ఫిలిప్పీన్స్‌లో ముందు బీఎస్ అనే డిగ్రీ, తర్వాత నాలుగేళ్ల ఎండీ, అంటే మన ఎంబీబీఎస్ లాంటిది, ఆ పద్ధతి కదా. నాలుగేళ్లంటే 48 నెలలు. మా మేనల్లుడు ఇంకో దేశంలో ఇలాంటి లెక్కలోనే ఇరుక్కుని రెండేళ్లు పోగొట్టుకున్నాడు. కొండ కంటే నాకు ఇదే భయం.

నీలికలువ
ఇది నాన్న కూడా అడిగారు బాబాయ్ గారూ. కాలేజీ నుంచి కోర్సు నెలలు, ఇంటర్న్‌షిప్ రాతపూర్వకంగా అడిగాం. అది చేతికి వచ్చాకే డబ్బు కడతాం.

బెజవాడ_బాబాయ్
మంచి పని చేశారమ్మా. ఫోన్లో చెప్పిన మాట నమ్మొద్దు.

పాలకూరపప్పు
బూడిద పడితే ఏం చేస్తారు? మా తమ్ముడికి ఆయాసం ఉంది.

లెగాస్పి_మెడికో
నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఈశాన్యం గాలి, ఇక్కడ అమిహాన్ అంటారు. అది బూడిదని ఎక్కువగా కొండకి నైరుతిలో ఉన్న కామాలిగ్, గినోబాతాన్ వైపు తోస్తుంది. మేము కొండకి ఆగ్నేయంలో ఉంటాం కాబట్టి నేను ఉన్నప్పుడు ఊళ్లో బూడిద పడలేదు. కానీ గాలి మారితే రావచ్చు. ఆయాసం ఉంటే మంచి మాస్కులు, ఇన్‌హేలర్ ఎప్పుడూ దగ్గర ఉండాలి. వచ్చే ముందు డాక్టర్‌తో ఖచ్చితంగా మాట్లాడమనండి.

తల్లిమనసు_ఖమ్మం
మా వాడు పిలి గింజలు తెచ్చాడు మొన్న. బాదం కంటే మెత్తగా, నెయ్యి వాసనతో ఉన్నాయి. అవి ఎక్కువగా బికోల్‌లోనే పండుతాయట. వీధి మొత్తం పంచాను.

నీలికలువ
హాస్టల్ సంగతి తెలిసింది. కన్సల్టెన్సీ వాళ్లు చూపించిన ఇల్లు యావా నదికి దగ్గర్లోనే ఉంది. రాతిపొరలు గారూ, మీ మాటే గుర్తొచ్చి గుండె ఝల్లుమంది.

రాతిపొరలు
హజార్డ్‌హంటర్‌పీహెచ్ అని అక్కడి ప్రభుత్వ సంస్థలు పెట్టిన సైట్ ఉంది, ఉచితం. మ్యాప్‌లో ఇంటి మీద నొక్కితే లహార్, వరద, ఉప్పెన, భూకంపం అన్నీ విడివిడిగా చూపిస్తుంది. ఇప్పుడే చూడండి.

నీలికలువ
చూశాను. లహార్ వచ్చే చోటు అనే చూపిస్తోంది. కన్సల్టెన్సీకి ఫోన్ చేసి ఆ ఇల్లు వద్దని చెప్పాం. "అందరూ అక్కడే ఉంటారు" అన్నారు. నాన్న మొదటిసారి గట్టిగా మాట్లాడారు. మా అమ్మాయి అక్కడ ఉండదు అన్నారు.

దివిసీమ_బిడ్డ
మీ నాన్నగారికి దండం.

లెగాస్పి_మెడికో
అక్కా, మా ఓనరమ్మ వాళ్ల వదినగారింట్లో పై అంతస్తులో ఒక గది ఖాళీ ఉంది. సైట్‌లో చూసే చెప్తున్నా, లహార్ దారిలో లేదు, కాలేజీకి జీప్నీలో పది నిమిషాలు. ఇద్దరు మన అమ్మాయిలు ఇప్పటికే ఉన్నారు. వివరాలు ప్రైవేట్ మెసేజ్‌లో పెట్టాను.

నీలికలువ
చూశాను తమ్ముడూ, చాలా థ్యాంక్స్. నాన్న ఒక్కటే అడుగుతున్నారు. ఆ కొండని ఒకసారి వీడియో కాల్‌లో చూపిస్తావా అని. ఫోటోల్లో కాదు, ఇప్పుడు ఎలా ఉందో అలా చూడాలట.

లెగాస్పి_మెడికో
తప్పకుండా. కానీ ఎండ ఎక్కితే మబ్బు కప్పేస్తుంది, ఒక్కోసారి రోజంతా కనబడదు. తెల్లవారాకే బాగా కనిపిస్తుంది. ఇక్కడ ఐదున్నర అంటే మీకు మూడు గంటలు. రేపు మూడింటికి నాన్నగారిని లేపండి, నేను మేడ మీద ఉంటాను.